ఐదున్నరేళ్ల ఇంటి సర్వర్: డిస్క్ మొరాయించిన రోజులు, బూట్ కాని రోజులు

మా నాన్న పౌరాణిక నాటకాల్లో కృష్ణుడి వేషం కట్టేవారు. నెల్లూరు చుట్టుపక్కల పల్లెల్లో తెల్లవార్లూ ఆయన పాడిన పద్యాలను ఎవరో పుణ్యాత్ములు టేప్‌రికార్డర్‌లో పట్టి ఇచ్చారు. అలాంటి క్యాసెట్లు మా ఇంట్లో ముప్పై నాలుగు ఉండేవి. ఆయన పోయాక వాటిని ఒక్కొక్కటే కంప్యూటర్‌లోకి ఎక్కించాను. కొన్ని టేపులు ఒక్కసారి ఆడి తెగిపోయాయి, ఇక వాటిలోని గొంతు ఫైళ్లలోనే ఉంది. చెన్నై వేళచ్చేరిలో మా ఫ్లాట్‌లో స్టోరేజ్ సర్వర్ పెట్టుకోవడానికి కారణం అదే. పిల్లల ఫొటోలు, ఇంటి దస్తావేజుల స్కాన్లు తర్వాత వచ్చి చేరాయి.

2019 సెప్టెంబర్‌లో మొదలుపెట్టాను. సెకండ్‌హ్యాండ్ డెస్క్‌టాప్ ఒకటి, 16 జీబీ ర్యామ్, కొత్తవి నాలుగు 4 టీబీ డిస్కులు. డిస్కులను రెండేసి జతలుగా మిర్రర్ చేశాను, అంటే ఏది రాసినా జతలోని రెండింటిలోనూ పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఫ్రీనాస్, 2020లో దాని పేరు ట్రూనాస్‌గా మారింది. ఫైళ్లను కాపాడే పని జెడ్ఎఫ్ఎస్‌ది. సన్ మైక్రోసిస్టమ్స్‌లో పుట్టిన ఈ ఫైల్ సిస్టమ్ ప్రతి బ్లాకుకూ చెక్‌సమ్, అంటే అందులోని డేటా నుంచి లెక్కగట్టిన ఒక సరిచూపు సంఖ్య, రాసి పెట్టుకుంటుంది. చదివిన ప్రతిసారీ దాంతో సరిచూసి, తేడా వస్తే జత డిస్కులోని మంచి కాపీతో చెడినదాన్ని దిద్దుతుంది.

వేగం గురించి ఎక్కువ చెప్పను. గిగాబిట్ కేబుల్ మీద సెకనుకు 110 మెగాబైట్ల దాకా వస్తుంది, ఇంటికి అది ధారాళం. నేను రాయాలనుకున్నది ఇది నన్ను నిద్రపోనివ్వని నాలుగు సందర్భాల గురించి. అందులో మూడుసార్లు తెర మీద కనబడిన జబ్బు ఒకటి, అసలు జబ్బు వేరొకటి.

మొదటిది 2020 జూన్‌లో. చెన్నైలో 19వ తేదీ నుంచి నెలాఖరు దాకా మళ్లీ గట్టిగా లాక్‌డౌన్ పెట్టిన రోజులు. పొద్దున్నే అమ్మ వచ్చి, "అబ్బయా, మీ నాయన పద్యాలు టీవీలో రావటంలా" అంది. సర్వర్‌కు మానిటర్ లేదు కాబట్టి దాన్ని హాల్లో టీవీకి కలిపాను. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు గబగబా పైకి పోయి, "మౌంట్‌రూట్" అన్న మాట దగ్గర ఆగిపోయాయి. దాని పక్కన కర్సర్ ఒక్కటే మిణుకుమంటోంది. డిస్కులన్నీ పోయాయనుకుని కాళ్లూ చేతులూ ఆడలేదు.

నిజానికి ఆ మాటకు అర్థం చాలా చిన్నది. సిస్టమ్‌కు గుండెలాంటి కెర్నెల్ లేచింది, ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న చోటు మాత్రం దొరకలేదు, అంతే. ఆ సిస్టమ్ ఉన్నది వెనక పోర్టులో గుచ్చిన 16 జీబీ పెన్‌డ్రైవ్‌లో. డేటా డిస్కులకూ దానికీ సంబంధం లేదు. పెన్‌డ్రైవ్ పీకితే వేలికి చురుక్కుమనేంత వేడి. వేరే పోర్టులో పెడితే ఒకసారి లేచింది, రెండోసారి లేవలేదు. అప్పట్లో ఫ్రీనాస్‌ను పెన్‌డ్రైవ్ మీద పెట్టడం అందరూ చేసిన పనే. కానీ రోజంతా ఏదో ఒకటి రాస్తూ ఉండే సిస్టమ్‌ను మామూలు పెన్‌డ్రైవ్ ఎన్నాళ్లు మోస్తుంది? తర్వాత చిన్న ఎస్ఎస్‌డీ వాడమనే సలహాయే స్థిరపడింది.

షాపులు లేవు. పాత ల్యాప్‌టాప్ విప్పి అందులోని 120 జీబీ ఎస్ఎస్‌డీ తీశాను. ఇన్‌స్టాల్ చేసే ముందు నాలుగు డేటా డిస్కుల కేబుళ్లూ పీకేశాను. ఈ పని దయచేసి మీరూ చేయండి. ఏ డిస్కు మీద ఇన్‌స్టాల్ చేయాలని అది అడిగినప్పుడు కంగారులో వేలు ఒక వరుస కిందికి జారితే ఇక చేసేదేమీ ఉండదు. ఇన్‌స్టాల్ అయ్యాక కేబుళ్లు తగిలించి ఇంపోర్ట్ పూల్ నొక్కాను. పూల్ అంటే ఈ నాలుగు డిస్కులూ కలిసి ఒకటిగా కనిపించే నిల్వ. నిమిషం లోపే పూల్ మొత్తం వచ్చేసింది, ఒక్క ఫైలు పోలేదు. పూల్ వివరాలన్నీ ఆ డిస్కుల మీదే రాసి ఉంటాయి, ఏ బోర్డుకు తగిలించినా, ఏ పోర్టులో పెట్టినా తమను తాము గుర్తుపడతాయి. ఈ ఒక్క గుణానికి నేను ఈ సెటప్‌కు ఎప్పటికీ రుణపడి ఉంటాను.

పోయినవి యూజర్లు, షేర్లు, పర్మిషన్లు. సెట్టింగులన్నీ ఉండే కాన్ఫిగ్ ఫైలు దాచుకోలేదు కనుక అవన్నీ మళ్లీ కూర్చుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఇప్పుడు ఏ చిన్న మార్పు చేసినా కాన్ఫిగ్ డౌన్‌లోడ్ చేసి వేరే చోట దాస్తాను. డౌన్‌లోడ్ చేసేటప్పుడు పాస్‌వర్డ్ సీక్రెట్ సీడ్, అంటే దాచిన పాస్‌వర్డ్‌లను విప్పే తాళంచెవి లాంటిది, కూడా కావాలా అని ఒక టిక్ ఉంటుంది. అది పెట్టకపోతే తిరిగి ఎక్కించాక కొన్ని పాస్‌వర్డ్‌లు పనిచేయవు.

రెండోది 2022 ఫిబ్రవరిలో. రాత్రి పదకొండింటికి పూల్ డిగ్రేడెడ్ అని, అంటే ఒక డిస్కు సరిగా పనిచేయడం లేదని, మెయిల్. పూల్ పరిస్థితి చూపే జెడ్‌పూల్ స్టేటస్ ఆదేశం కొడితే మూడో డిస్కు ఎదురుగా రీడ్ ఎర్రర్లు 3, రైట్ ఎర్రర్లు 12 అని ఉంది. మూడేళ్ల వారంటీ అయిపోవడానికి ఇంకా ఆరేడు నెలలుంది కదా అని డిస్కు పీకి పట్టుకుపోవాలనుకున్నాను. వేళచ్చేరిలో రైలెక్కి చింతాద్రిపేటలో దిగితే అక్కడికి ఎలక్ట్రానిక్స్ కొట్లుండే రిచీ స్ట్రీట్ దగ్గరే. నేను మామూలుగా వెళ్లే కొట్లో పనిచేసే కుర్రాడిది చిత్తూరు. ఫోన్ చేసి చెబితే, "సార్, డిస్కు తేకండి. ముందు స్మార్ట్ రిపోర్ట్‌లో 199 చూడండి. అది పెరుగుతుంటే కేబులే సార్" అన్నాడు.

స్మార్ట్ అంటే డిస్కు తన ఆరోగ్యం గురించి తాను రాసుకునే చిట్టా. అందులో ముప్పై వరుసలున్నా నేను చూసేవి నాలుగు. 5వ వరుస, పాడై పక్కన పెట్టేసి వేరే చోటికి మార్చిన సెక్టార్ల లెక్క. 197, చదవలేక అనుమానంలో పెట్టిన సెక్టార్లు. 198, తనంతట తాను పరీక్షించుకున్నప్పుడు కూడా చదవలేకపోయినవి. ఈ మూడూ డిస్కు ఒంట్లోని జబ్బులు. 199 అలాంటిది కాదు, డిస్కుకూ బోర్డుకూ మధ్య దారిలో డేటా చెడిన లెక్క. నా డిస్కులో మొదటి మూడూ సున్నా, 199 ఎదురుగా 312.

సర్వర్ ఆపి, మూడో డిస్కు కేబుల్ నాలుగో దానికి, నాలుగో దాని కేబుల్ మూడో దానికి మార్చాను. మరేమీ ముట్టుకోలేదు. రెండు రోజుల్లో ఎర్రర్లు నాలుగో డిస్కుకు వెళ్లాయి. తప్పు కేబుల్‌ది అని తేలిపోయింది. తీసి చూస్తే దానికి లాక్ క్లిప్పు లేదు, కనెక్టర్ వేలితో తాకితేనే కదులుతోంది. క్లిప్పున్న కేబుల్ నూట యాభై లోపే వచ్చింది. మార్చి, పూల్‌లోని ఎర్రర్ లెక్కను చెరిపేసే జెడ్‌పూల్ క్లియర్ కొట్టాక ఇంతవరకూ ఆ ఫిర్యాదు రాలేదు. ఒక్క మాట, 199 సంఖ్య ఎప్పటికీ తగ్గదు. నా డిస్కు మీద ఈనాటికీ 312 అనే ఉంది. చూడాల్సింది అది పెరుగుతోందా లేదా అన్నదే.

ఒకేసారి కేబులూ పోర్టూ డిస్కూ మార్చేస్తే సమస్య పోవచ్చు, కానీ దేనివల్ల పోయిందో తెలియదు. మా బావమరిది అలాగే మంచి డిస్కును పారేశాడు. కొత్త డిస్కుకూ అదే ఎర్రర్ వచ్చినప్పుడు, "బావా, ఇదీ పోయినట్టుంది" అని ఫోన్ చేశాడు. వాళ్లింట్లో తప్పు పవర్ స్ప్లిటర్‌ది.

మూడోదీ నాలుగోదీ ఒకే వారంలో వచ్చాయి. 2023 డిసెంబర్, మిచౌంగ్ తుఫాను. 3, 4 తేదీల్లో కురిసిన వానకు మా వీధి చెరువైంది. మాది రెండో అంతస్తు గనుక సర్వర్‌కు తడి తగల్లేదు. కరెంటు పోగానే యూపీఎస్ యూఎస్‌బీ తీగ ద్వారా కబురు చెప్పి సర్వర్‌ను పద్ధతిగా ఆపింది. మూడు రోజులు చీకట్లోనే ఉన్నాం. కరెంటు వచ్చాక స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరిగాయి, డిస్కులు తిరిగిన చప్పుడూ వినబడింది, తెర మీద మాత్రం బూటబుల్ డివైస్ లేదని వచ్చింది. ఎస్ఎస్‌డీ పోయిందనుకున్నాను. కాన్ఫిగ్ చేతిలో ఉంది, మళ్లీ ఇన్‌స్టాల్ చేద్దామని కూర్చున్నాను కూడా.

అంతకుముందు బయోస్‌లోకి, అంటే బోర్డు సొంత సెట్టింగుల తెరలోకి, వెళ్లి చూడటం మంచిదైంది. అక్కడ తేదీ 2012 జనవరి 1. అది చూడగానే విషయం తెలిసిపోయింది. బోర్డు మీద రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ ఉంటుంది. మల్టీమీటర్ పెడితే 3 వోల్టులు ఉండాల్సింది 2.4 చూపించింది. అది ఎప్పుడో నీరసించి ఉంటుంది, కానీ ప్లగ్గులో కరెంటు ఉన్నంతకాలం పవర్ సప్లై నుంచి వచ్చే స్టాండ్‌బై కరెంటుతో సెట్టింగులు నిలబడ్డాయి. మూడు రోజులు అదీ లేకపోయేసరికి బయోస్ అన్నీ మర్చిపోయింది. బోర్డు డిస్కులతో మాట్లాడే పద్ధతైన సాటా మోడ్ ఏహెచ్‌సీఐలో ఉండాల్సింది ఇంకొకదానికి మారింది, బూట్ వరుసలో మొదట డేటా డిస్కు వచ్చి కూర్చుంది. డేటా డిస్కులో బూట్ అవడానికి ఏముంటుంది?

కొత్త బ్యాటరీ వేసి, మోడ్ సరిచేసి, ఎస్ఎస్‌డీని వరుసలో ముందుకు తెచ్చి, తేదీ దిద్దాను. మామూలుగా లేచింది. తేదీని వదిలేయకండి. గడియారం తప్పుగా ఉంటే సర్టిఫికెట్లు చెల్లవు, అలర్ట్ మెయిళ్లు బయటికి పోవు. సర్వర్ ఏదైనా చెప్పాలనుకున్నా మన దాకా రాదు.

లేచింది కదా అని ఆ రాత్రి స్క్రబ్ పెట్టాను. స్క్రబ్ అంటే పూల్‌లో ఉన్న ప్రతి బ్లాకునూ చదివి చెక్‌సమ్ సరిచూడటం. అర్ధరాత్రి దాటాక హాల్లోంచి చప్పుడు మొదలైంది. కట్... కట్... కాసేపు ఆగి మళ్లీ కట్. రెండో డిస్కు మీద చెయ్యి పెడితే ఆ దెబ్బ అరచేతికి తెలుస్తోంది. స్మార్ట్ చూస్తే 197లో 16 ఉంది, గంట తర్వాత 40. 5వ వరుస కూడా కదలడం మొదలైంది. 199 సున్నా. ఈసారి నిజంగా డిస్కే.

కొత్త డిస్కు గురించి నేను లెక్కలు వేస్తుంటే మా ఆవిడ నిద్రలేచి వచ్చింది. "ఏవండీ, మామయ్యగారి పద్యాలు అందులోనే కదా ఉన్నాయి? ముందు వాటిని బయటికి తీయండి" అంది. ఆ క్షణంలో చేయాల్సిన పని అదే, నాకు తట్టలేదు. స్క్రబ్ ఆపేసి, పద్యాల ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్కులోకి తీశాను. 20 జీబీయే, పావుగంట పట్టింది. మిర్రర్ ఉంది కదా అని అప్పటిదాకా వేరే కాపీ పెట్టలేదు. ఒక డిస్కు పోతే మిర్రర్ ఆదుకుంటుంది. దొంగ ఎత్తుకెళ్లినా, నీళ్లలో మునిగినా, మనమే పొరపాటున డిలీట్ చేసినా అది ఆదుకోదు. ఇప్పుడు పద్యాలు నెల్లూరులో అక్కయ్య ఇంట్లో ఒక డిస్కులోనూ ఉన్నాయి.

డిస్కు తనను తాను మొత్తం చదివి చూసుకునే లాంగ్ టెస్ట్ సగం దాకా కూడా పోకుండా రీడ్ ఫెయిల్యూర్ అని ఆగింది. కొత్త డిస్కు కొనేటప్పుడు ఎస్ఎంఆర్ రకం కాదని మోడల్ నంబర్ పెట్టి ఖాయం చేసుకున్నాను. ఎస్ఎంఆర్ డిస్కులో ట్రాకులు పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి. ఒకటి మార్చాలంటే పక్కవాటిని కూడా తిరగరాయాలి. జెడ్ఎఫ్ఎస్ మొత్తం డిస్కును నింపే సమయంలో అవి చతికిలపడతాయి. ట్రాకులు అలా ఎక్కి ఉండని సీఎంఆర్ అని రాసి ఉన్నదే తీసుకోండి.

బోర్డులో ఒక సాటా పోర్టు ఖాళీ ఉండటం ఎంత మేలు చేసిందో చెప్పలేను. పాతదాన్ని పీకకుండానే కొత్తది ఖాళీ పోర్టులో పెట్టి రీప్లేస్ కొట్టాను. అలా చేస్తే పాత డిస్కులో ఇంకా చదవగలిగిన భాగం కూడా అక్కరకొస్తుంది. 2.6 టీబీ ఎక్కడానికి ఆరున్నర గంటలు పట్టింది. ఆ ఆరున్నర గంటలూ టెన్షన్‌తో మళ్లీ మళ్లీ పర్సెంటేజ్ చూస్తూనే ఉన్నాను. ఎర్రర్ లేకుండా ముగిసింది. తర్వాత పాతదాన్ని తీసేటప్పుడు సీరియల్ నంబర్ చూసే తీశాను. ప్రతి డిస్కు ముందువైపు దాని సీరియల్ నంబర్‌లోని చివరి నాలుగు అక్షరాలు కాగితం మీద రాసి అతికించి పెట్టుకున్నాను. తెర మీద కనబడే పేర్లు బూట్‌కు బూట్‌కు మారొచ్చు, సీరియల్ నంబర్ మారదు.

2024లో లైనక్స్ మీద నడిచే ట్రూనాస్ స్కేల్‌కు మారాను, పూల్ అలాగే వచ్చేసింది. కరెంటు విషయానికొస్తే రోజుకు ఒక యూనిట్ పైచిలుకు. రోహిణి కార్తెలో డిస్కులు 50 డిగ్రీలు తాకేసరికి అటక మీంచి దించి హాల్లో గోడకు జానెడు ఎడంగా పెట్టాను, 42 దాటడం లేదు. ఇందులో నాకు నచ్చనిది, ఎర్రర్ వచ్చిందని చెప్పే రెండు ముక్కల్లో తర్వాత ఎటు చూడాలో ఉండదు. కేబులా, డిస్కా, కరెంటా అన్నది మనమే అంకెలు చదివి పట్టుకోవాలి. అంత ఓపిక లేనివాళ్లు రెడీమేడ్ పెట్టె కొనుక్కోవడం మంచిది, అందులోనూ రెండో కాపీ తప్పనిసరి. కాస్త కుదురుగా కూర్చుని చదివే అలవాటున్నవాళ్లకు మాత్రం దీన్ని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తాను.

మొదట కొన్న నాలుగింటిలో మూడు ఇంకా తిరుగుతున్నాయి, 47 వేల గంటలు దాటాయి. 5, 197, 198 మూడింటిలోనూ సున్నా. పోయిన నెల స్క్రబ్‌లో ఒక్క ఎర్రరూ రాలేదు. అయినా మొన్న రిచీ స్ట్రీట్ వెళ్లి ఇంకో 4 టీబీ డిస్కు తెచ్చి, లాంగ్ టెస్ట్ చేసి, తేదీ రాసి బీరువాలో పెట్టాను.