మెల్విల్ కొటేషన్లు సరిచూడాలంటే: గుటెన్‌బర్గ్ 'మోబీ డిక్' ఈ-పుస్తకం ఎలా ఉంది?

"మనం మన కోసమే బతకలేం, వేల పోగులు మనల్ని తోటి మనుషులతో కలుపుతాయి" అన్న మాట 'మోబీ డిక్' నవల రాసిన అమెరికన్ రచయిత హెర్మన్ మెల్విల్ ఫోటోతో తెగ తిరుగుతుంటుంది. అది ఆయనది కాదు. హెన్రీ మెల్విల్ అనే ఇంగ్లండు మతగురువు 1855లో చేసిన ప్రసంగంలోది. ఆయన ఇంటిపేరు స్పెల్లింగులో చివరి 'ఇ' ఉండదు, అంతే తేడా. ఇలాంటివి పట్టుకోవడానికి పాత పుస్తకాలను ఉచితంగా ఇచ్చే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లోని 2701వ నంబరు పుస్తకం, అంటే 'మోబీ డిక్' ఇంగ్లీషు మూలం, బాగా పనికొస్తుంది. డబ్బు కట్టక్కర్లేదు, అకౌంట్ కూడా అక్కర్లేదు.

వెతకడానికి హెచ్‌టీఎంఎల్ ఫైలే తీసుకోండి. ప్లెయిన్ టెక్స్ట్ ఫైల్లో ప్రతి లైనూ దాదాపు డెబ్భై అక్షరాలకు తెగిపోతుంది. మీ కొటేషన్ రెండు లైన్ల మీద పడిందంటే చాలా ఎడిటర్లు దొరకలేదనే చెప్తాయి. అపాస్ట్రఫీలు కూడా వంకర రకం కాబట్టి కీబోర్డు మీది నిలువు గుర్తుతో కొడితే కలవకపోవచ్చు. వాక్యమంతా కొట్టకుండా అరుదైన ఒకటి రెండు మాటలు ఎంచుకోండి. 'సోబర్ కానిబల్' (sober cannibal) అని కొడితే చాలు, 3వ అధ్యాయంలో తేలతారు: తాగిన క్రైస్తవుడి పక్కన కంటే తాగని నరమాంస భక్షకుడి పక్కన పడుకోవడం మేలు అనే మాట అది. 'వేల్-షిప్' (whale-ship) లాంటి వాటిలో హైఫన్ మరిచిపోవద్దు. తిమింగలాల ఓడే నా యేల్, నా హార్వర్డ్ అన్నది 24వ అధ్యాయంలో ఉంది.

మాట దొరికాక ఒక పేజీ పైకి, ఒక పేజీ కిందికి చదవండి. అసలు లాభం అక్కడే. "సూర్యుడు నన్ను అవమానిస్తే సూర్యుణ్నే కొడతాను" అన్నది 36వ అధ్యాయంలో కెప్టెన్ ఆహాబ్. నోరులేని జంతువు మీద పగేమిటి, అది దైవదూషణ అని అతని కింది అధికారి స్టార్‌బక్ అడ్డుపడితే ఇచ్చిన జవాబు. దాన్ని మెల్విల్ జీవిత సూత్రంగా పోస్టర్ వేయడం దుర్యోధనుడి మాటను తిక్కన అభిప్రాయం అన్నట్టే. "ఏ మ్యాపులోనూ ఉండదు, నిజమైన చోట్లు ఎప్పుడూ ఉండవు" అన్న వాక్యమూ అంతే. ట్రావెల్ పోస్టర్ల మీద కనిపించే ఈ మాట 12వ అధ్యాయంలో క్వీక్వెగ్ అనే పాత్ర పుట్టిన దీవి గురించి చెప్పింది. ఇంకో ముచ్చట: 82వ అధ్యాయం తెరిస్తే వేదాలను నీళ్ల అడుగునుంచి తెచ్చిన విష్ణువు మత్స్యావతారం ఎదురవుతుంది. తిమింగల వేటగాళ్ల జాబితాలో మన దేవుణ్ని చేర్చేశాడు మహానుభావుడు!

లోపాలూ ఉన్నాయి. వివరణలు, ఫుట్‌నోట్లు కావాలంటే రచయిత ఇచ్చినవే, సంపాదకులవి లేవు. అచ్చు పుస్తకం పేజీ నంబర్లూ లేవు. అయితే 135 అధ్యాయాల్లో చాలావరకు చిన్నవే, అధ్యాయం నంబరు ఇస్తే ఎవరికైనా దొరుకుతుంది. ఇందులో లేదంటే మెల్విల్ ఎక్కడా అనలేదని మాత్రం తేల్చేయకండి. "అనుకరించి గెలవడం కన్నా సొంతంగా రాసి ఓడటం మేలు" అన్నది తోటి రచయిత హాథార్న్ మీద 1850లో రాసిన వ్యాసంలోది. "చేయకుండా ఉండటమే నాకిష్టం" అనేది 1853 నాటి బార్ట్‌ల్‌బీ కథలోది. వాటికి వేరే ఫైళ్లు తెరవాలి.

థీసిస్ రాసేవాళ్లు దీనితో సరిపెట్టుకోకూడదు. మెల్విల్ మరో నవల 'వైట్-జాకెట్' ఒక ముద్రణలో 'చుట్టచుట్టుకున్న (coiled) చేప' అచ్చుతప్పుతో 'మురికిపట్టిన (soiled) చేప' అయింది. ఎఫ్.ఓ. మాథీసన్ అంతటి విమర్శకుడు 1941లో ఆ 'మురికి'ని మెల్విల్ ప్రతిభగా మెచ్చుకున్నాడు. 1949లో గానీ అసలు సంగతి బయటపడలేదు. పాఠం నిక్కచ్చిగా కావాలంటే 'మోబీ డిక్'కు 1988 నాటి నార్త్‌వెస్టర్న్-న్యూబెర్రీ ప్రతి చూడండి. దాని ధర, బరువు రెండూ ఎక్కువనిపిస్తే 2018లో వచ్చిన నార్టన్ మూడో ముద్రణ తీసుకోండి, వివరణలు కూడా అందులో ఉన్నాయి.