సరుకుల కూపన్ పుస్తకం అమ్ముతున్నారు, 999 కట్టే ముందు ఇది చదవండి

బెంగళూరులో మారతహళ్ళి, మున్నేకొళాల, కుందలహళ్ళి వైపు ఉంటున్న మనవాళ్ళందరికీ ఒక జాగ్రత్త. అపార్ట్‌మెంట్ గేట్ల దగ్గర, సూపర్ మార్కెట్ల బయట చిన్న టేబుల్ వేసుకుని సరుకుల కూపన్ పుస్తకం అమ్ముతున్నారు. 999 రూపాయలు కడితే 5,000 రూపాయల కూపన్లట, 200 రూపాయలవి 25. పప్పు, సర్ఫు, సబ్బులు, బియ్యం, ఏదైనా తెచ్చుకోవచ్చని నోటితో చెబుతారు. దయచేసి కొనకండి. మేం కొన్నాం. ఏం జరిగిందో లెక్కతో సహా చెబుతాను.

అమ్మింది తెలుగమ్మాయే. "నెలనెలా సరుకులు ఎలాగూ తెచ్చుకుంటారు కదక్కా, ఐదు కూపన్లు వాడితే మీ డబ్బులు మీకు వచ్చేస్తాయి, మిగతావన్నీ లాభమే" అంది. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ డబ్బు కట్టేదాకా పుస్తకం చేతికివ్వరు. పైన అట్ట చూపిస్తారంతే, లోపలి పేజీలు తిప్పనివ్వరు. షరతులన్నీ అక్కడే ఉన్నాయి, ప్రతి కూపన్ వెనకా సన్న అక్షరాల్లో. ఒక బిల్లుకి ఒకే కూపన్. బిల్లు 1,500 దాటాలి. శని, ఆదివారాలు చెల్లదు. బియ్యం, నూనె, పంచదార, పాలు ఆ 1,500లో కలవవు. మూడు నెలలు దాటితే చిత్తుకాగితమే.

అన్నీ కలిపి చూడండి. మొత్తం 25 వాడాలంటే మూడు నెలల్లో 37,500 రూపాయల సరుకులు కొనాలి. నెలకి 12,500, అదీ బియ్యం, నూనె కాకుండా. నలుగురున్న ఇంట్లో కూడా అంత పప్పూ సబ్బులూ ఖర్చవవు. పైగా వారం మధ్యలోనే వెళ్ళాలి. రింగ్ రోడ్డు ట్రాఫిక్కులో పడి ఆఫీసు నుంచి ఇంటికి చేరేవాళ్ళు మంగళవారం రాత్రి సరుకులకి ఎక్కడ బయల్దేరతారు?

అసలు దెబ్బ మాత్రం కౌంటర్ దగ్గర తగిలింది. రెండు కిలోల కందిపప్పు, నాలుగు కిలోల సర్ఫు, అర లీటరు నెయ్యి, టూత్‌పేస్టులు తీసుకున్నాం. ర్యాక్ మీద రాసి ఉన్న రేట్లు వరసగా 320, 520, 310, 130. మొత్తం 1,280. కూపన్ తీయగానే కౌంటర్ అబ్బాయి "ఆఫర్ రేట్‌గె కూపన్ ఆగల్ల మేడం, ఎంఆర్‌పి మేలె మాత్ర" అన్నాడు. అంటే ఆఫర్ రేటుకి కూపన్ చెల్లదట, ప్యాకెట్ మీద అచ్చేసిన ఎమ్మార్పీ మీదే చెల్లుతుందట. ఆ బిల్లు కొట్టేసి మళ్ళీ ఎమ్మార్పీతో వేశాడు. అవే సరుకులు 420, 620, 350, 160 అయ్యాయి. మొత్తం 1,550, అలా 1,500 దాటింది. అందులోంచి కూపన్ 200 పోతే 1,350. అంటే కూపన్ వాడితే 70 రూపాయలు ఎక్కువ! ఆ కూపన్‌కి మేం ముందే కట్టిన 40 కూడా కలిపితే ఒక్క బిల్లు మీద 110 రూపాయల నష్టం. రెండు బిల్లులూ పక్కపక్కన పెట్టి ఫోటో తీసి ఉంచాను.

ఆ అబ్బాయిని ఏమనగలం, అతనికిచ్చిన రూలు అది. షాపు మేనేజర్ని అడిగితే "పుస్తకం మేము అమ్మలేదు, మార్కెటింగ్ వాళ్ళది, మేము తీసుకుంటాం అంతే" అన్నాడు. పుస్తకం మీదున్న నంబరుకి చేస్తే, ఒకసారి అమ్మాక వాపసు లేదని, అదీ షరతుల్లోనే రాసుందని చెప్పి పెట్టేశారు. డబ్బు తీసుకున్నవాడు ఒకడు, సరుకు ఇచ్చేవాడు ఇంకొకడు. ఈ పద్ధతిలో కొన్నవాళ్ళు ఎవరిని పట్టుకోవాలి?

ఎమ్మార్పీ గురించి ఒక్క మాట. అది గరిష్ఠ ధర, పన్నులన్నీ కలిపే ఉంటుంది. అంతకంటే ఎక్కువకి అమ్మితే చట్టం ఒప్పుకోదు, కానీ సరిగ్గా అంతకే అమ్మితే ఎవరూ తప్పు పట్టలేరు. ఈ ఊళ్ళో పెద్ద షాపులు చాలా సరుకులు అంతకంటే తక్కువకే ఇస్తాయి. కాబట్టి ఏ కూపన్ ఇచ్చినా ముందు ఒకటే అడగండి: తగ్గింపు ర్యాక్ రేటు మీదా, ఎమ్మార్పీ మీదా? ఎమ్మార్పీ మీద అంటే ఫోన్లో క్యాలిక్యులేటర్ తీసి రెండు రకాలుగా లెక్క వేసుకోండి. ఇంకొకటి, ప్యాకెట్ సైజు. కూపన్ చెల్లే సరుకుల్లో కొన్ని 900 గ్రాములో 850 గ్రాములో ఉంటాయి, చూడ్డానికి కిలో ప్యాకెట్టే అనిపిస్తాయి. ఇప్పుడు ప్యాకెట్ల మీద గ్రాముకో కిలోకో ఎంత పడుతుందో కూడా వేస్తున్నారు, ఎమ్మార్పీ దగ్గరలోనే వెతకండి, తేడా అక్కడే దొరుకుతుంది.

అన్ని కూపన్లూ మోసమని నేను అనను. టీ పొడి ప్యాకెట్లో వచ్చేవి, షాపువాళ్ళే బిల్లుతో పాటు ఊరికే ఇచ్చేవి వాడుకోండి, పోయేదేం లేదు. యాప్‌లో కూపన్ పెడితే మాత్రం డబ్బు కట్టే ముందు చివరి మొత్తం ఇంకోసారి చూడండి. ఏదో ఒక సరుకు స్టాకు లేదని తీసేస్తే బిల్లు పరిమితి కిందికి పడి కూపన్ ఎగిరిపోతుంది. వాట్సాప్‌లో "వార్షికోత్సవ కానుక, 1,000 రూపాయల సరుకుల కూపన్, 20 మందికి పంపండి" అని లింకులు వస్తే నొక్కనే వద్దు. పిన్ అడిగితే కొట్టకండి, డబ్బు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. అలా పోగొట్టుకున్నవాళ్ళు ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

మా విషయం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో చెప్పాను, తెలుగులోనే మాట్లాడారు. ఫిర్యాదు నంబరు ఇచ్చారు, జవాబు రావాలి. తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం మనం ఉండే చోటే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు విలువకి ఫీజు లేదు, రెండేళ్ళ లోపు వేస్తే చాలు. ఒకే నష్టం జరిగినవాళ్ళు కమిషన్ అనుమతితో కలిసి కూడా వేయొచ్చు. 999 కోసం ఒక్కరే తిరగడం కష్టం, అందుకే మీలో ఈ పుస్తకం కొన్నవాళ్ళు ఉంటే పుస్తకం అట్టతో సహా, డబ్బు కట్టిన యూపీఐ రసీదు, కౌంటర్ బిల్లులు దాచిపెట్టి నాకు చెప్పండి. బిల్లు కాగితం మీద అచ్చు కొన్నాళ్ళకి చెరిగిపోతుంది, ఈ రోజే ఫోటో తీసుకోండి.