ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఎవరి తోడు మేలు: కోలుకున్న మనిషా, గ్రూపా, ఊళ్లోని ఆరోగ్య కార్యకర్తా?

మందులు కుదిరి, నిద్ర పట్టి, మనిషి ఆస్పత్రి నుంచి ఇంటికొస్తాడు. డాక్టరు గారు నెల తర్వాత రమ్మని చీటీ మీద తేదీ వేస్తారు. ఆ నెల రోజులూ ఏం చేయాలో ఇంట్లో ఎవరికీ తెలియదు. పొద్దెక్కినా పడుకునే ఉంటే లేపాలా, వదిలేయాలా? మేనమామ ఇంట్లో పెళ్లికి తీసుకెళ్లాలా, వద్దా? రాత్రి రెండింటికి వరండాలో తిరుగుతుంటే కంగారు పడాలా? రద్దీగా ఉండే ఓపీలో ఇవన్నీ అడిగే వీలుండదు. అడిగినా, ఇవి మందుల చీటీలో రాసిచ్చే సంగతులు కావు.

ఈ ఖాళీని నింపడానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. అలాంటి జబ్బునే దాటి వచ్చిన మనిషికి శిక్షణ ఇచ్చి, ఇంకొకరికి తోడుగా పంపడం ఒకటి. వీళ్లనే పీర్ సపోర్ట్ వర్కర్లు అంటున్నారు. జబ్బును స్వయంగా చూసినవాళ్లే, అంటే అనుభవించినవాళ్లే, కలిసి నడుపుకునే గ్రూపు రెండోది. జబ్బు అనుభవం లేకపోయినా ఊళ్లో అందరికీ తెలిసిన మనిషికి, మన ఆశా కార్యకర్తలాంటివారికి, నేర్పించి ఇళ్లకు పంపడం మూడోది.

మా తమ్ముడికి బైపోలార్, అంటే కొన్నాళ్లు విపరీతమైన ఉత్సాహం, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు వచ్చే జబ్బు. అందువల్ల ఈ మూడూ నాకు పుస్తకాల్లో చదివిన విషయాలు మాత్రమే కావు. నా అభిప్రాయం ముందే చెబుతాను. డిశ్చార్జ్ అయిన మొదటి ఏడాదికి పీర్ వర్కర్‌ను మించిన తోడు లేదు. కాకపోతే దానికి రెండు షరతులున్నాయి. ఆ మనిషికి జీతం ఇవ్వాలి. అతన్ని డాక్టరుగారి చిన్న కాంపౌండర్‌గా మార్చకూడదు.

కోలుకున్న మనిషి తోడు

దీన్ని ఉద్యోగంగా నిలబెట్టింది అమెరికాలోని జార్జియా రాష్ట్రం. అక్కడ 1999లో పీర్ సపోర్ట్‌ను పేదల ఆరోగ్య బీమా అయిన మెడికెయిడ్ కింద డబ్బు చెల్లించే సేవల్లో చేర్చారు. 2007లో అమెరికా కేంద్ర ప్రభుత్వం రాష్ట్రాలన్నిటికీ లేఖ రాస్తూ దీన్ని ఆధారాలున్న పద్ధతిగా గుర్తించింది. పైన పర్యవేక్షించేవాళ్లు ఉండాలని, రోగి వైద్య ప్రణాళికలో ఇది భాగం కావాలని, శిక్షణ, సర్టిఫికెట్ ఉండాలని షరతులు పెట్టింది. దయాగుణంతో చేసే పనికి జీతం వచ్చే పని హోదా అలా దొరికింది.

వీళ్లు చేసే పని పైకి చాలా చిన్నదిగా కనిపిస్తుంది. కొన్నాళ్లు మా ఇంటికి వచ్చిన ఒక కుర్రాడు మా తమ్ముడికి ఏనాడూ సలహా ఇవ్వలేదు. ఆ జబ్బుకిచ్చే లిథియం మాత్ర వేసుకుంటే చేతులు వణుకుతున్నాయని తమ్ముడు మందు దాచేస్తున్న రోజులవి. మేం బతిమాలాం, అరిచాం, అమ్మ ఏడ్చింది. ఆ కుర్రాడు మాత్రం, "నాకూ వణికేవి అన్నా. టీ గ్లాసు సగమే పోయించుకునేవాణ్ణి. డాక్టరుకి చెప్తే రక్తపరీక్ష చేయించి డోసు సరిచేశారు. రేపు వెళ్దామా, నేనూ వస్తా" అన్నాడు. వెళ్లారు. మేం అన్ని నెలలుగా చెబుతున్నదీ అదే, డాక్టరుకి చెప్పమనే. కానీ మా మాటలో భయం ఉంది, అతని మాటలో లేదు. పైగా అతను వణికిన చేతులతోనే మళ్లీ ఉద్యోగంలో చేరినవాడు. అతన్ని చూశాక తమ్ముడు మొదటిసారి, తను మళ్లీ పనికి వెళ్లడం గురించి అడిగాడు.

ఒక ఇంట్లో జరిగినదాన్ని పట్టుకుని అందరికీ ఇదే మంచిదనడం సరికాదు కాబట్టి పరిశోధనలు ఏమన్నాయో చూద్దాం. ఇంగ్లండ్‌లో రెండు పెద్ద ప్రయోగాలు జరిగాయి. 2018లో ఫలితాలు వచ్చినదానిలో 441 మంది ఉన్నారు. అందరూ తీవ్రదశలో ఇంటికే వచ్చి చికిత్స చేసే బృందాల నుంచి అప్పుడే బయటపడినవాళ్లు. సగం మందికి కోలుకునే ప్రణాళిక రాసుకునే వర్క్‌బుక్ పోస్టులో పంపారు. మిగతా సగానికి అదే వర్క్‌బుక్‌తో పాటు పీర్ వర్కర్‌ను కూడా ఇచ్చారు. పది సార్ల వరకు కలిసి కూర్చుని పుస్తకం నింపారు. ఏడాదిలో మళ్లీ తీవ్ర చికిత్స అవసరమైనవాళ్లు పుస్తకం మాత్రమే అందుకున్నవారిలో 38 శాతం, పీర్ వర్కర్ ఉన్నవారిలో 29 శాతం. మానసిక వైద్యంలో ఇది చిన్న తేడా కాదు.

2022లో వచ్చిన రెండోదానిలో 590 మంది. ఇక్కడ పీర్ వర్కర్ వార్డులో ఉండగానే పరిచయమై, డిశ్చార్జ్ తర్వాత నాలుగు నెలలు తోడున్నాడు. మళ్లీ ఆస్పత్రిలో చేరడం మాత్రం మొత్తం మీద తగ్గలేదు. అయితే నల్లజాతి రోగుల్లో తగ్గింది. ఆస్పత్రి మీద ఎవరికి నమ్మకం తక్కువో వాళ్లకే ఈ తోడు ఎక్కువ పనికొచ్చిందని నేను దీన్ని అర్థం చేసుకుంటాను. "ఎర్రగడ్డ" అనే పేరునే తిట్టుగా వాడే మన దగ్గర, ఆస్పత్రి మెట్లెక్కడమే పరువు తక్కువ అనుకునే కుటుంబాలకు ఈ సంగతి వర్తిస్తుందని నా నమ్మకం.

రెండు ప్రయోగాలనూ పక్కపక్కన పెడితే నాకు ఇంకోటి కూడా కనిపిస్తుంది. మొదటిదానిలో ఇద్దరూ కలిసి చేసే పని ఒకటి చేతిలో ఉంది. నిద్ర తగ్గితే నేనేం చేయాలి, డబ్బు విచ్చలవిడిగా ఖర్చవుతుంటే ఎవరికి చెప్పాలి, నన్ను ఆస్పత్రికి తీసుకెళ్లాల్సి వస్తే ఎవరు రావాలి, ఇవన్నీ బాగున్నప్పుడే రాసుకున్నారు. ఊరికే కబుర్లాడి వెళ్లే తోడు కంటే ఇది గట్టిది. మన 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా, రేపు జబ్బు ముదిరితే తనకు ఎలాంటి వైద్యం కావాలో, ఏది వద్దో ముందుగానే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది. తన తరఫున మాట్లాడే మనిషిని ఎంచుకునే హక్కూ ఇచ్చింది. ఆ కాగితాలు కలిసి కూర్చుని రాయించడానికి పీర్ వర్కర్ కంటే తగినవాళ్లు ఎవరుంటారు?

ఈ దారిలో పెద్ద ప్రమాదం కూడా ఉంది. జీతమిచ్చే ఆస్పత్రి కొన్నాళ్లకు అతనితో మాత్రలు లెక్కపెట్టించడం మొదలుపెడుతుంది. ఓపీలో క్యూ సరిచేయిస్తుంది, ఫైళ్లు మోయిస్తుంది. ఇంటికి వెళ్లి వచ్చి "అతను మందు ఊసేస్తున్నాడు సార్" అని రిపోర్టు ఇవ్వమంటుంది. ఆ రోజుతో తోడు పోయి నిఘా మిగులుతుంది. వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2013 సమీక్ష 11 ప్రయోగాలను కలిపి చూసి, అదే తరహా పనిలో పెట్టినప్పుడు కోలుకున్నవాళ్లు మిగతా సిబ్బంది కంటే మెరుగూ కాదు, తక్కువా కాదని తేల్చింది. కొందరు దీన్ని ఓటమిగా చెబుతారు. మిగతా సిబ్బంది చేసే పనే వీళ్లతోనూ చేయిస్తే ఫలితం కూడా అలాగే ఉంటుంది కదా.

మన దేశంలో ఈ పని జరగనే లేదనుకోకూడదు. గుజరాత్‌లో 2014 నుంచి 2016 వరకు ప్రభుత్వ మానసిక వైద్య కేంద్రాల్లో వైద్యం నాణ్యతను, రోగుల హక్కులను మెరుగుపరిచే ప్రపంచ ఆరోగ్య సంస్థ క్వాలిటీరైట్స్ పద్ధతిని అమలు చేశారు. పుణె ఇండియన్ లా సొసైటీకి చెందిన కేంద్రం దాన్ని నడిపించింది. తోటివాళ్ల తోడు అందులో ఒక భాగం. ఆ తర్వాత జర్మనీ, ఉగాండా, టాంజానియా, ఇజ్రాయెల్‌తో కలిసి భారత్ పాల్గొన్న, పీర్ సపోర్ట్‌ను పరీక్షించిన అప్‌సైడ్స్ ప్రయోగానికీ ఇదే సంస్థ ఇక్కడి భాగస్వామి.

గ్రూపు

1987లో నెదర్లాండ్స్‌లో పాట్సీ హాగే అనే ఆమె, ఆమెకు చికిత్స చేస్తున్న సైకియాట్రిస్ట్ మారియస్ రోమ్ కలిసి టీవీలో మాట్లాడారు. చెవిలో గొంతులు వినిపించేవాళ్లు ఫోన్ చేయమని అడిగారు. అలా గొంతులు వింటున్న 450 మంది స్పందించారు. వాళ్లలో 150 మంది ఆ గొంతులతోనే బతకడం నేర్చుకున్నామని చెప్పారు. వాళ్లలో చాలామంది అదే ఏడాది ఉట్రెక్ట్‌లో కలిశారు. ఎన్నో దేశాల్లో ఇప్పుడు నడుస్తున్న హియరింగ్ వాయిసెస్ గ్రూపులకు మూలం అదే. డాక్టరు దగ్గర "గొంతులు వినిపిస్తున్నాయి" అంటే డోసు పెరుగుతుందేమోనని భయపడే మనిషి, ఇక్కడ ఆ గొంతు ఏమంటోందో కూడా చెప్పగలడు.

గ్రూపుకు ఖర్చు తక్కువ, ఆయుష్షు ఎక్కువ. తాగుడు మానాలనుకునేవాళ్ల ఆల్కహాలిక్స్ అనానిమస్ 1935లో మొదలై ఇవాళ్టికీ జీతగాళ్ల మీద ఆధారపడకుండా మీటింగులు నడుపుకుంటోంది. కెన్యా రాజధాని నైరోబీలో జబ్బు చూసినవాళ్లే పెట్టుకున్న గ్రూపులు కష్టసుఖాలు చెప్పుకోవడంతో ఆగకుండా, వికలాంగుల కింద రావాల్సిన సదుపాయాలు ఎలా తెచ్చుకోవాలో ఒకరికొకరు నేర్పించుకుంటాయి. ఇది మనకు బాగా అక్కరకొచ్చే సంగతి. మానసిక వ్యాధికి కూడా వైకల్యం సర్టిఫికెట్ ఉంటుందని, 40 శాతం, ఆపైన ఉంటే 2016 వికలాంగుల హక్కుల చట్టం కింద హక్కులు వస్తాయని తెలియని కుటుంబాలు ఎన్నో. సదరం క్యాంపుకి ఏ కాగితాలు పట్టుకెళ్లాలో, "చూస్తే బాగానే ఉన్నాడుగా" అన్నప్పుడు ఏం జవాబివ్వాలో, అంతకుముందు వెళ్లొచ్చినవాళ్లే చెప్పగలరు.

ఇంత మంచి ఉన్నా డిశ్చార్జ్ అయిన కొత్తలో గ్రూపు మీద నేను ఆధారపడను. ఆ సమయంలో మంచం దిగడమే కష్టం. బస్సెక్కి, తెలియని పదిమంది మధ్యకు వెళ్లి కూర్చోవడం అతనివల్ల కాదు. అందుకే గ్రూపుకి వచ్చేది కాస్త నిలదొక్కుకున్నవాళ్లు. ఆడవాళ్ల సంగతి ఇంకా వేరు. పెళ్లికి ముందు జబ్బు సంగతి దాచిపెట్టిన ఇంట్లో కోడలు ఏ సాకు చెప్పి మీటింగుకి వస్తుంది? చిన్న ఊళ్లో గ్రూపు జరిగే గుమ్మం ముందు చెప్పులు చూసి కూడా గుర్తుపడతారు. ఇక నడిపించే ఒక్క మనిషికి జబ్బు తిరగబెడితే గ్రూపు చెదిరిపోవడం మామూలే. ఒక ఏడాది గడిచి, మందులు స్థిరపడి, ఇంట్లో వాళ్లకి కూడా విసుగొచ్చి పట్టించుకోవడం తగ్గిన రోజుల్లో మాత్రం గ్రూపుకు సాటి లేదు. వాట్సాప్‌లోనో వీడియో కాల్‌లోనో కలిసే గ్రూపులు ఆడవాళ్లకు ఈ ఇబ్బందిని కొంత తగ్గిస్తాయి.

ఊళ్లోని ఆరోగ్య కార్యకర్త

2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు. (సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో మన రెండు రాష్ట్రాలూ లేవు.) ఇంతమందికి పీర్ వర్కర్లను తయారుచేసే లోపు జీవితాలు గడిచిపోతాయి. ఈ మూడో దారి బలం అదే.

దీనికి మన దేశంలోనే చేసిన ప్రయోగం ఉంది. గోవా, మహారాష్ట్రలోని సతారా, తమిళనాడులోని కాంచీపురం ప్రాంతాల్లో స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, లేనిపోని అనుమానాలు కలగడం లాంటి లక్షణాలుండే జబ్బు) ఉన్న 282 మందిని తీసుకుని, కొందరి ఇళ్లకు శిక్షణ పొందిన స్థానిక కార్యకర్తలను పంపారు. 2014లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఫలితాలు వచ్చాయి. లక్షణాలు, రోజువారీ పనుల్లో ఇబ్బంది కొద్దిగా తగ్గాయి. ఆ తేడా స్పష్టంగా కనిపించింది మాత్రం తమిళనాడు పల్లెల్లోనే. ఆస్పత్రులు దూరంగా ఉన్నచోట ఇంటికొచ్చే మనిషి విలువ పెరుగుతుంది. అందుకే ఆదిలాబాద్ గూడేల్లోనో పాడేరు కొండల మీదో ఉన్నవాళ్లకి "పీర్ వర్కర్ కోసం ఆగండి" అని నేను అనలేను. ముందు తలుపు తట్టే మనిషి కావాలి.

ఆశా కార్యకర్త నెత్తిన ఇప్పటికే గర్భిణులు, టీకాలు, టీబీ, సర్వేలు ఉన్నాయి. ఇంకో పని పెడితే అది రిజిస్టర్‌లో టిక్కు కొట్టే పని అయిపోతుందని నా భయం. ఆమె ఊరి మనిషి కూడా. నమ్మకానికి అది మంచిదే, కానీ రహస్యానికి కాదు. అన్నిటికంటే, "నేనూ అక్కడి నుంచే వచ్చాను" అని చెప్పే వీలు ఆమెకు లేదు. జబ్బు మనిషి మొహంలో ఆశ పుట్టించే మాట అది.

ఏది ఎంచుకోవాలి?

పట్టణంలో ఉండి, ఈమధ్యే డిశ్చార్జ్ అయి ఉంటే పీర్ వర్కర్ కోసమే వెతకండి. మీ సైకియాట్రిస్ట్‌నో, ఆస్పత్రిలో సోషల్ వర్కర్‌నో "మీ దగ్గర కోలుకుని మాట్లాడటానికి ఒప్పుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడగండి. వచ్చే మనిషికి వెనక పెద్ద దిక్కు ఎవరున్నారో, తనకే బాగోలేని రోజు ఎవరితో మాట్లాడతారో తెలుసుకోండి. మందు ఆపేయమని చెప్పే మనిషైతే మర్యాదగా వద్దనండి. ఇంట్లో విన్నది ఆస్పత్రికి ఎంతవరకు చెబుతారో మొదటి రోజే మీవాడి ముందే మాట్లాడుకోండి. ప్రాణం తీసుకునే మాట వస్తే మాత్రం దాచడం లేదని ముగ్గురూ ఒప్పుకోవాలి. అలాంటి రాత్రి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పగలు ఎవరున్నా, ఆ నంబరు అందరి ఫోన్లలో ఉండాలి.

డబ్బు విషయంలో నాకు రాజీ లేదు. 2017 చట్టం రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో జబ్బు చూసినవాళ్లకు చోటిచ్చింది. రోగుల హక్కులకు సంబంధించిన ఫిర్యాదులు వినే రివ్యూ బోర్డుల్లో కూడా వాళ్లను కూర్చోబెట్టే వీలు కల్పించింది. కానీ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో సైకియాట్రిస్ట్‌కి, నర్సుకి ఉన్నట్టు పీర్ వర్కర్‌కి జీతంతో కూడిన పోస్టు ఉండటం మన దగ్గర మామూలు విషయం కాలేదు. సేవ పేరుతో బస్సు చార్జీలు చేతిలో పెట్టి పంపితే ఆ కుర్రాడు ఏడాది తిరక్కుండా ఇంకో ఉద్యోగం చూసుకుంటాడు. చూసుకోవాలి కూడా, అతనికీ ఇల్లుంది, మందుల ఖర్చుంది. మా ఇంటికి వచ్చినతను అలాగే వెళ్లిపోయాడు. జిల్లాకు ఇద్దరేసి, ఒక ఆడ, ఒక మగ పీర్ వర్కర్లను జీతం మీద తీసుకోమని కుటుంబాలుగా మనం అడగాలి. కలెక్టరేట్‌లో ఇచ్చే అర్జీలో అడగాలి, రివ్యూ బోర్డుకు వెళ్లే అవకాశం వచ్చినప్పుడు అక్కడా అడగాలి.