తెలుగులో ఆర్డర్లు తీసుకునేవాళ్లు ఆ లేబుల్ ప్లగిన్ కొనకండి

పేరు రాయకపోయినా ఏ ప్లగిన్ (సైటుకు తగిలించుకునే అదనపు ప్రోగ్రాం) గురించో మీకు అర్థమవుతుంది. ఆన్‌లైన్‌లో చిన్న దుకాణం నడిపే ప్రతివాళ్లకూ ఈ మధ్య దాని ప్రకటనే కనిపిస్తోంది. ఆర్డరు రాగానే చిరునామా దానంతట అదే వాళ్ల సర్వర్‌కు చేరుతుందట, కొరియర్ లేబుల్ తయారైపోతుందట, పైగా "అన్ని భారతీయ భాషలూ చెల్లుతాయి" అట. ఆ చివరి మాట చూసే కొన్నాను. తగ్గింపు ఉందని ఏడాది చందా ఒకేసారి కట్టాను. ఆ తగ్గింపు మాత్రం నిజమే.

మేము తెలుగు పుస్తకాలు అమ్ముతాం. కొనేవాళ్లలో చాలామంది పేరూ ఊరూ తెలుగులోనే రాస్తారు. ఇంగ్లీషు చిరునామాలు చక్కగా వెళ్లాయి. తెలుగువాటి లేబుళ్ల మీద మాత్రం డిగ్రీ గుర్తులు, ప్లస్-మైనస్ గుర్తులు, మధ్యమధ్యలో నెత్తిన గీత ఉన్న లాటిన్ అక్షరాలు. అది చిరునామా కాదు, వాతావరణ నివేదిక. పార్సిళ్లు కట్టకట్టుకుని వెనక్కి వచ్చాయి. రానూపోనూ ఖర్చు మాదే.

సహాయ కేంద్రానికి రాస్తే, "మీ సైటులో చార్‌సెట్ యూటీఎఫ్-8 పెట్టుకోలేదు" అని జవాబు. చార్‌సెట్ అంటే అక్షరాలను కంప్యూటరు అంకెలుగా రాసుకునే పద్ధతి, యూటీఎఫ్-8లో తెలుగు కూడా ఇముడుతుంది. పెట్టుకున్నామని స్క్రీన్‌షాట్ పంపాను. మళ్లీ అదే జవాబు, ఈసారి నమస్కారంతో. చివరికి మా సైటు చూసిపెట్టే కుర్రాడు లాగ్ (సైటు ఏం పంపిందో నమోదయ్యే చిట్టా) తెరిస్తే అసలు సంగతి బయటపడింది. పేరునూ చిరునామానూ వీళ్లు రిక్వెస్ట్ బాడీలో, అంటే సర్వర్‌కు పంపే సందేశపు అసలు భాగంలో, పంపడం లేదు. సొంతంగా కల్పించుకున్న హెడర్లలో, అంటే ఆ సందేశానికి పైన ఉండే వివరాల వరసల్లో, కుక్కి పంపుతున్నారు. కంటెంట్-టైప్ అనే హెడర్‌లో రాసే చార్‌సెట్ బాడీకే వర్తిస్తుంది, హెడర్లకు కాదు. అంటే సైటులో నేను ఏం మార్చినా ఇది బాగుపడేది కాదు.

ఇదేమీ దేవరహస్యం కాదు. వెబ్‌లో సందేశాలు ఎలా పంపుకోవాలో చెప్పే 1999 నాటి హెచ్‌టీటీపీ ప్రమాణం హెడర్లలోని పాఠ్యాన్ని ఐఎస్‌ఓ-8859-1గా, అంటే పశ్చిమ ఐరోపా భాషల అక్షరాలుగా లెక్కగట్టింది. దాని కొత్త రూపమైన 2022 నాటి ఆర్‌ఎఫ్‌సీ 9110 కొత్త హెడర్లలో ఆస్కీ అక్షరాలే, అంటే మామూలు ఇంగ్లీషు అక్షరాలూ అంకెలూ గుర్తులే, వాడమంటోంది. తెలుగులో ఒక్కో అక్షరానికీ, ఒక్కో గుణింతపు గుర్తుకూ యూటీఎఫ్-8లో 3 బైట్లు. వాళ్ల సర్వర్ ఆ మూడింటినీ మూడు వేర్వేరు లాటిన్ అక్షరాలుగా చదివింది. డిగ్రీలు వచ్చింది అక్కడినుంచే. బ్రౌజర్‌లో సందేశాలు పంపే ఫెచ్‌కు ఇలాంటి హెడర్ ఇస్తే అక్కడికక్కడే ఎర్రర్ ఇస్తుంది. సర్వర్లలో జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ కూడా అంతే. వీళ్లు వాడినది ఏదోగానీ నోరెత్తకుండా మింగేసింది. బాడీలో జేసన్ అనే మామూలు పాఠ్య రూపంలో పంపితే ఈ గొడవే ఉండదు. హెడరే కావాలని పట్టుబడితే శాతం గుర్తులతో ఎన్‌కోడ్ చేసి (ఒక్కో బైటుకు శాతం గుర్తు, మరో రెండు అక్షరాలు) పంపాలి, అవతల విప్పుకోవాలి. అలా రాస్తే 'విజయవాడ'కు 63 అక్షరాలు అవుతాయి. పొడవే, కానీ పుస్తకం విజయవాడ చేరుతుంది. పంపే ప్లగిన్ వాళ్లదే, అందుకునే సర్వర్ కూడా వాళ్లదే. రెండు చివరలూ చేతిలో ఉండి కూడా చేయలేదు.

ఇదంతా వివరంగా రాశాక "సరిచేశాం" అన్నారు. కొత్త వెర్షన్ ఎక్కించాను. డిగ్రీలు పోయాయి. వాటి స్థానంలో ప్రశ్నార్థకాలు వచ్చాయి. పేరంతా ప్రశ్నార్థకాలే, ఊరంతా ప్రశ్నార్థకాలే, పిన్‌కోడ్ మాత్రం శుభ్రంగా ఉంది. లాటిన్‌లో ఇమడని ప్రతి అక్షరాన్నీ ఊడ్చిపారేయడమే వాళ్లు చేసిన మరమ్మతు!

ఫోను చేశాను. ఎత్తినాయన తెలుగువాడే, ఎంతో స్పష్టమైన తెలుగు. నేను చెప్పిందంతా విని, "మీ కస్టమర్లకు ఇంగ్లీషులో పేరు రాసుకోవడం కూడా రాదా మేడమ్?" అన్నాడు. తెలుగు పుస్తకాలు కొనేవాళ్ల గురించి, తెలుగులో! "అన్ని భారతీయ భాషలూ అని మీ ప్రకటనలోనే ఉంది కదండీ" అంటే, "అది తెరమీద కనిపించడం గురించి, పంపడం గురించి కాదు" అన్నాడు. తెరమీద తెలుగు చూసుకోవడానికి మీకు చందా ఎందుకు కట్టాలయ్యా అని అప్పుడే అడగాల్సింది. కోపానికి నోట మాట రాలేదు. ఫోను పెట్టేశాక మాత్రం బోలెడు మాటలు వచ్చాయి, వినేవాళ్లే లేరు.

డబ్బు వెనక్కి ఇమ్మంటే, కొత్త వెర్షన్ ఎక్కించుకున్నారు కాబట్టి సేవకు అంగీకరించినట్టేనట. ఫిర్యాదు పక్కన "పరిష్కారమైంది" అని రాసి మూసేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి నమోదు చేయించాను.

ఇలాంటిది కొనేముందు 'శ్రీకాకుళం' లాంటి ఊరిపేరుతో ఒక ఉత్తుత్తి ఆర్డరు పెట్టి, తెర కాదు, అచ్చయిన లేబుల్ చూడండి. చందా నెలకే కట్టండి. ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు కొత్త వెర్షన్ ఎక్కించకండి. డిగ్రీ గుర్తులున్న పాత రికార్డులు చెరిపేయకండి. వాటిని లాటిన్-1 (పైన చెప్పిన ఐఎస్‌ఓ-8859-1) ప్రకారం బైట్లుగా మార్చి యూటీఎఫ్-8గా చదివిస్తే చాలావరకు తెలుగు తిరిగి వస్తుంది, మాకు వచ్చింది. ప్రశ్నార్థకాలైపోయినవాళ్లకు మాత్రం ఒక్కొక్కరికీ ఫోను చేసి ఊరు అడుగుతున్నాం.