నకాటా జెర్సీ కొన్నా, నంబరే దెబ్బేసింది

ఈ మధ్య రీల్స్ తెరిస్తే చాలు, జపాన్ ఫుట్‌బాలర్ హిడెతోషి నకాటానే. 2006 వరల్డ్ కప్ అయిపోగానే 29 ఏళ్లకే ఆట మానేసిన మనిషి, ఇప్పుడు ఆ క్లిప్పులు షేర్ చేస్తున్న కుర్రాళ్లలో చాలామంది అప్పటికి పుట్టనే లేదు, అయినా క్రేజ్ మామూలుగా లేదు. అబిడ్స్‌లో ఓ చిన్న షాపులో ఆయన పేరుతో ఇటలీ క్లబ్ రోమా పాత మోడల్ జెర్సీ కనిపిస్తే ఆగలేకపోయా. 700 చెప్పాడు, బేరమాడితే 550కి ఇచ్చాడు. ఒరిజినల్ కాదులెండి, ఆ రేటుకి ఎలా వస్తుంది.

వెనక 8 నంబర్ కరెక్టే. జపాన్ తరఫున 2002, 2006 వరల్డ్ కప్పుల్లో 7 వేసుకున్నాడు కానీ రోమాలో 8. 2001 మేలో టురిన్‌లో మరో ఇటలీ క్లబ్ యువెంటస్ మీద రోమా 2-0తో వెనకబడి ఉంటే, రోమా స్టార్ టొట్టి ప్లేస్‌లో దిగి దూరం నుంచి ఒక్కటి పేల్చాడు చూడండి, చివరికి మ్యాచ్ 2-2 అయింది, ఆ సీజన్ ఇటలీ లీగ్ టైటిల్ కూడా రోమాదే. ఆ గోల్ కోసమే కొన్నా.

బట్ట మాత్రం మందం, మన ఎండలకి ఉక్కపోత. మొదటి ఉతుకుకే 8 అంచు లేచిపోయింది. తీసుకెళ్తే "మెషీన్‌లో వేశారా అన్నా?" అంటూనే ఫ్రీగా మళ్లీ ప్రెస్ చేసిచ్చాడు, అది మెచ్చుకోవాలి. సైజు మాత్రం ఒకటి పెద్దది తీసుకోండి.