విండోస్ 11 సెక్యూరిటీ అప్‌డేట్లు, రీస్టార్ట్: డీటీపీ షాపు వాడకంలో ఎలా ఉన్నాయి

పెళ్లి కార్డులు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేసే షాపు నాది. మూడు సిస్టమ్‌లున్నాయి, అన్నిట్లో విండోస్ 11. యాంటీవైరస్ విడిగా కొనలేదు. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్‌నే వాడుతున్నాను. ఊళ్లోవాళ్ల పెన్‌డ్రైవ్‌లన్నీ మా సిస్టమ్‌లకే పెడతారు కాబట్టి వైరస్‌ల విషయంలో నాకు పట్టింపు ఎక్కువ. ఫొటోలన్నిటినీ షార్ట్‌కట్‌లుగా మార్చేసే రకం వైరస్ ఉన్న పెన్‌డ్రైవ్ పెడితే, ఫైల్ తెరవకముందే మూలన నోటిఫికేషన్ వస్తుంది. పైసా ఖర్చు లేకుండా వచ్చినదానికి ఆ విషయంలో పూర్తి మార్కులు వేస్తాను.

డిఫెండర్ కొత్త వైరస్‌ల జాబితాను పని మధ్యలోనే తెచ్చుకుంటుంది, దానికి రీస్టార్ట్ అడగదు. అడిగేది విండోస్‌లో దొరికిన లోపాలను సరిచేసే నెలవారీ సెక్యూరిటీ అప్‌డేట్. ప్రతి నెలా రెండో మంగళవారం అమెరికాలో విడుదలవుతుంది, అప్పటికి మనకు రాత్రి. అందుకే మనకు కనబడేది బుధవారం నుంచే. విండోస్ నడుస్తుండగా వాడుకలో ఉన్న సిస్టమ్ ఫైళ్లను మార్చడం కుదరదు. కొత్తవి సిద్ధం చేసి పెట్టుకుని, రీస్టార్ట్ అయ్యేటప్పుడు మారుస్తుంది. అంటే స్టార్ట్ మెనూలో పవర్ గుర్తు మీద ఆరెంజ్ చుక్క ఉన్నంతసేపూ పాత లోపం అలాగే ఉన్నట్టు. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. 2017 మే నెలలో వచ్చిన, ఫైళ్లను లాక్ చేసి డబ్బులడిగే వానాక్రై వైరస్‌కి విరుగుడు అప్‌డేట్ ఆ మార్చిలోనే ఇచ్చేశారు. అయినా అది వేసుకోని సిస్టమ్‌లు లోకమంతా లాక్ అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి.

ఇక్కడే నాకు నచ్చని సంగతి ఒకటుంది. "రోజూ రాత్రి షట్ డౌన్ చేస్తున్నాం కదా, మళ్లీ రీస్టార్ట్ ఎందుకన్నా?" అని మా కుర్రాళ్లే అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. మామూలుగా షట్ డౌన్ నొక్కితే మన ప్రోగ్రాములు మూస్తుంది గానీ, విండోస్ లోపలి భాగాన్ని డిస్క్‌లో దాచుకుని పొద్దున అదే తీసి వాడుతుంది. పూర్తిగా కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్‌లోనే. నమ్మకం కుదరకపోతే టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ నొక్కి, కింద అప్ టైమ్ చూడండి. మొదటి అంకె రోజులు. రాత్రి ఆపి పొద్దున ఆన్ చేసిన సిస్టమ్‌లో అక్కడ సున్నా ఉండాలి. 9 అనో 12 అనో కనబడితే, సిస్టమ్ అన్నాళ్లుగా సరిగ్గా ఆగలేదని అర్థం. ఇంత ముఖ్యమైన సంగతి ఆ షట్ డౌన్ బటన్ పక్కన ఒక్క ముక్కయినా రాసి ఉండదు. అందుకే ఐదుకు నాలుగే ఇస్తున్నాను.

కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్‌కి వెళ్లి ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయొచ్చు. మా మూడింట్లోనూ తీసేశాం. ఆన్ అవడం కాస్త నెమ్మదించింది, అంతే. అది ఇష్టం లేనివాళ్లు అప్‌డేట్ వచ్చిన రోజు మెనూలో 'అప్‌డేట్ అండ్ రీస్టార్ట్' నొక్కితే చాలు.

పెళ్లిళ్ల సీజన్‌లో అసలు టెన్షన్, కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్‌లో సేవ్ చేయని కార్డు ఉండగా తనంతట తాను రీస్టార్ట్ అవుతుందేమోనని. మనం పనిచేసే వేళలు చెబితే ఆ గంటల్లో తనంతట తాను రీస్టార్ట్ కాకుండా ఆగే యాక్టివ్ అవర్స్ సెట్టింగ్ దీనికి నిజంగా పనికొచ్చింది. మనమే పెట్టుకుంటే 18 గంటల దాకా ఇస్తుంది. పొద్దున 7 నుంచి రాత్రి 11 దాకా పెట్టాను. పక్కనే రీస్టార్ట్ కావాలంటే ముందు చెప్పమనే స్విచ్ ఉంటుంది, అదీ ఆన్ చేసుకోండి.

రీస్టార్ట్ మాత్రం భోజనాల వేళే పెట్టుకుంటాం. హార్డ్ డిస్క్ ఉన్న పాత సిస్టమ్‌లో శాతం అంకె చాలాసేపు ఒకేచోట నిలబడుతుంది. ఆగిపోయిందనుకుని పవర్ బటన్ నొక్కి పట్టుకోవద్దు. కరెంటు పోయే ఊళ్లలో యూపీఎస్ ఉన్న సిస్టమ్‌కే ముందు చేయండి. వెనక్కి వచ్చాక సెట్టింగ్స్‌లో అప్‌డేట్ హిస్టరీ తెరిచి, ఆ నెల అప్‌డేట్ ఎదురుగా ఇన్‌స్టాల్ అయినట్టు ఉందో లేదో చూసుకుని, తెలుగు టైపింగ్‌కి వాడే అను స్క్రిప్ట్ మేనేజర్ మళ్లీ ఆన్ చేసి పనిలో కూర్చోండి.