ఎన్‌ఐసీయూకి నాలుగు స్టార్లు, ఒకటి ఎందుకు కోశానంటే

మా పాప 28 వారాలకే పుట్టింది, బరువు సరిగ్గా కిలో. 42 రోజులు ఆ ఎన్‌ఐసీయూ, అంటే పసికందుల ఐసీయూ బయట కుర్చీల్లోనే గడిపాం. డాక్టర్లకు వంక పెట్టను, సిస్టర్లకైతే దండం పెట్టాలి. నా గొడవంతా ఆ తెల్ల సిరంజి గురించి.

మొదట్లో పాలు అరిగించుకోలేదని అన్నీ నరంలోంచే ఎక్కించారు. గ్లూకోజు, ప్రోటీను ఒక లైన్లో, పక్కన ఆ తెల్ల సిరంజిలో పాలలా కనిపించే కొవ్వు మందు. దాని ట్యూబు మాత్రం ముదురు రంగు, లైటు తగిలితే అందులోని కొవ్వు చెడుతుందట. సోయా, ఆలివ్, చేప నూనెలు కలిసిన మందని తెలిసి మా అత్తయ్య ఒకటే గోల, మేం గుడ్డు కూడా ముట్టం మరి. రోజుకు 2 గ్రాముల కొవ్వు, అంటే 10 మి.లీ., అదీ 24 గంటలూ సాగాలి. గంటకు అర మి.లీ. కూడా కాదు! పంపు ఆగిపోయిందనుకుని రెండుసార్లు కేకేశాను.

ఆరో రోజు దాన్ని సగానికి తగ్గించేశారు. ఎందుకో ఒక్కరూ చెప్పలేదు. డబ్బు కట్టలేదనేమోనని మా ఆయన కౌంటర్‌కి పరుగెత్తారు. చివరికి రాత్రి డ్యూటీ సిస్టరే చెప్పింది, "రక్తంలో కొవ్వు, అదే ట్రైగ్లిజరైడ్స్, 310 వచ్చాయమ్మా, 265 దాటితే తగ్గిస్తాం" అని. కొవ్వును విడగొట్టే ఎంజైము రక్తనాళాల గోడల మీద ఉంటుందట, నెలలు నిండని పిల్లల్లో అది తక్కువ, ఒంట్లో కండా కొవ్వూ లేవు కదా. ఎక్కువ ఎక్కిస్తే వాడుకోలేరు, రక్తంలోనే తిరుగుతూ ఉంటుంది. మరి ఆపేయొచ్చుగా అంటే అదీ కుదరదంది, కొన్ని కొవ్వులు ఒళ్లు సొంతంగా తయారు చేసుకోలేదు, ఇంత చిన్న బిడ్డకు నిల్వలూ ఉండవు, నాలుగు రోజులు మానేస్తే లోటు వచ్చేస్తుంది. రెండు రోజులకు 170కి దిగింది, మళ్లీ మెల్లగా పెంచారు. ఈ నాలుగు ముక్కలు పొద్దున్నే చెప్పుంటే ఆ టెన్షన్ ఉండేదే కాదు.

బిల్లు సంగతి. రోజూ కొత్త 100 మి.లీ. సీసా, 10 వాడి మిగతాది పారబోత. తెరిచిన సీసాలో క్రిములు త్వరగా పెరుగుతాయన్నారు, ఒప్పుకున్నాం. కానీ అన్నీ కలిపి ఒకే లైన్లో రాసిచ్చారు, విడిగా కావాలంటే మూడు రోజులు తిప్పారు.

చేరేవాళ్లు రాత్రి పది దాటాక సిస్టర్లను అడగండి, పగలు ఎవరికీ తీరిక ఉండదు.